స్నేహితులంతా పాత కంప్యూటర్ల వాళ్లే, మావాణ్ని ఏ బ్రాంచిలో చేర్చాలి?

ప్రశ్న: మాది కావలి. అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. మొదట నెల్లూరులో హాస్టల్లో వేశాం. ఎవరితోనూ కలవక, అన్నం సరిగా తినక ఆరు నెలలకే ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు ఊళ్లోనే కాలేజీకి పోయొస్తున్నాడు. ఎట్టా అంటుకుందో, పాత కంప్యూటర్ల పిచ్చి అంటుకుంది. మూతపడ్డ నెట్ సెంటర్ నుంచి తెచ్చిన పెంటియం 4 డబ్బా ఒకటి, ఎవరో మాస్టారు ఇచ్చిన, కాలేజీ ల్యాబుల్లో వాడే 8085 కిట్ ఒకటి, తెల్లటి బోర్డు మీద జెడ్80 అని ఏదో చిప్పు, దానికి బోలెడు వైర్లు. రాత్రి పదిన్నరకు పోలండ్ ఆయనతో, పుణె ఆయనతో ఇంగ్లీషులో మాటలు. పుణె ఆయనకు నా వయసుంటుంది. ఊళ్లో మాత్రం ఒక్క స్నేహితుడు లేడు. మేం సీఎస్ఈలో ఏఐ-ఎంఎల్ అనుకుంటున్నాం, వాడు ఈసీఈ అంటున్నాడు. రెండిట్లో ఏది మేలు? ఈ సామానంతా పాత ఇనుప సామాన్ల బండికి వేసేస్తే చదువు మీద పడతాడా?

జవాబు: ముందు మీ ఆఖరి ప్రశ్నకు. వేయొద్దు. బ్రాంచి సంగతి తర్వాత చూద్దాం.

కౌన్సెలింగ్ రోజులు దగ్గర పడేకొద్దీ ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. మొదట్లోనో చివర్లోనో బ్రాంచి పేరుంటుంది, అసలు గుబులు మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యంలో దాక్కుని ఉంటుంది. మీ ఉత్తరంలో ఆ వాక్యం "ఊళ్లో ఒక్క స్నేహితుడు లేడు" అన్నది. హాస్టల్లో నోరు విప్పని పిల్లాడు రాత్రి పదిన్నరకు పరాయి భాషలో మాట్లాడుతున్నాడని మీరే రాశారు. దాన్ని జబ్బు లెక్కలో వేశారు. అది కోలుకోవడం అని మీకు తట్టలేదా?

ఆ తెల్లబోర్డు మీద ఏం జరుగుతోందో చెబుతాను. జెడ్80 అనేది 1976 నాటి ప్రాసెసర్, 40 కాళ్లు. దాని 40 కాళ్ల రకానికి ఆర్డర్లు తీసుకోవడం జైలాగ్ కంపెనీ 2024 జూన్‌లో ఆపేసింది, అంతవరకూ తయారవుతూనే ఉంది. దీంతో ఎవరైనా మొదట చేసే పని ఒకటే. డీ0 నుంచి డీ7 దాకా ఉన్న ఎనిమిది డేటా కాళ్లను ఒక్కోదానికి 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి గ్రౌండుకు కడతారు. అప్పుడు చిప్పు ఎటు చదివినా సున్నాలే కనిపిస్తాయి. దాని భాషలో 00 అంటే "ఏమీ చేయకు, ముందుకు పో" అని అర్థం. ఏ0 నుంచి ఏ7 దాకా ఎనిమిది ఎల్ఈడీలు పెట్టి, 555 టైమరు చిప్పుతో సెకనుకు ఒక్క దెబ్బ చొప్పున, చిప్పును అడుగులు వేయించే క్లాక్ ఇస్తే, ఆ దీపాలు ఒకటి, రెండు, మూడు అని బైనరీ లెక్కలో (సున్నా, ఒకటి మాత్రమే ఉండే లెక్క) పైకెక్కుతూ పోతాయి. ఇంతే ఆట. చూసేవాళ్లకు ఏమీ లేదు, కట్టినవాడికి రాత్రి నిద్ర పట్టదు.

తేడా ఎక్కడ వస్తుందంటే: వెయిట్, ఇంట్, ఎన్ఎంఐ, బస్ రిక్వెస్ట్ అని నాలుగు ఇన్‌పుట్ కాళ్లున్నాయి. వాటిని 10 కిలో ఓమ్‌తో 5 వోల్టులకు కట్టకుండా గాలికి వదిలేస్తే, చెయ్యి దగ్గరికి పోయినప్పుడల్లా లెక్క తప్పుతుంది. రీసెట్ మీట కనీసం మూడు క్లాక్ దెబ్బల సేపు నొక్కి ఉంచాలి. సెకనుకు ఒక దెబ్బ అయితే మూడు సెకన్ల పైమాటే. పిల్లలేమో కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కి వదిలేస్తారు, చిప్పు ఎక్కడో మధ్య నుంచి మొదలుపెడుతుంది. ప్రతి చిప్పు పక్కన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ లేకపోయినా ఇలాంటి వేషాలే. ఇక ఎంత నెమ్మది క్లాక్‌కైనా నడిచే సీమాస్ రకం అని చెప్పి పాత ఎన్‌మాస్ చిప్పు మీద పేరు గీకి కొత్తగా అచ్చేసి అమ్మేవాళ్లున్నారు. నెమ్మది క్లాక్ మీద అది నమ్మకంగా నడవదు.

ఇవన్నీ సర్దుకున్నాక కూడా ఒక చిక్కు వస్తుంది. ఒక్కో ఆదేశానికి నాలుగు క్లాక్ దెబ్బలు పడతాయి కాబట్టి, సెకనుకు ఒకటి చొప్పున 128 అంకెకు చేరడానికి 512 సెకన్లు, అంటే ఎనిమిదిన్నర నిమిషాలు. అంతవరకూ దీపాలు బుద్ధిగా ఉంటాయి. 128 రాగానే ఎనిమిదో దీపం నిలకడగా వెలగాల్సింది పోయి, రెండు సెకన్లు వెలుగుతుంది, రెండు సెకన్లు ఆరుతుంది. పిల్లాడు గుండె జారి చిప్పు పోయిందనుకుంటాడు. చిప్పు పోలేదు. జెడ్80 ప్రతి ఆదేశం చదివాక, మెమరీని తాజాగా ఉంచడానికి అవే కాళ్ల మీద ఒక రిఫ్రెష్ అంకె బయటపెడుతుంది. ఆ అంకెలో పెరిగేవి కింది ఏడు బిట్లే, అంటే మొదటి ఏడు దీపాలే. 127 దాకా అసలు లెక్క, రిఫ్రెష్ లెక్క రెండూ ఒకేలా ఉంటాయి కనుక తేడా కంటికి ఆనదు. ఆ తర్వాత బయటపడుతుంది.

ఈ సంగతి ముందే తెలిసిన మనిషి కావలిలో మీవాడికి ఇంకా తగల్లేదు, పోలండ్‌లో తగిలాడు. మన పదిన్నర ఆయనకు సాయంత్రం ఆరో ఏడో, ఆఫీసు నుంచి వచ్చి తీరిగ్గా కూర్చునే వేళ. అది దొంగ వేళ కాదు, గడియారాల తేడా. పుణె ఆయన వయసు గురించి కూడా కలవరపడకండి. 1984-85లో కేంద్రం క్లాస్ అనే పథకం పెట్టి స్కూళ్లకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. అప్పుడు బడిలో ఉన్నవాళ్లకు ఇప్పుడు యాభై దాటాయి. తాము మొదట చెయ్యి పెట్టిన యంత్రాలను మళ్లీ నడిపిద్దామని చూసేవాళ్లే ఈ పాత కంప్యూటర్ల గుంపుల్లో ఎక్కువ. వాళ్లకు చెప్పుకోవడానికి మనిషి కావాలి, మీవాడికి అడగడానికి మనిషి కావాలి.

బిడియం ఉన్న పిల్లలకు ఈ లోకం ఎందుకు సరిపోతుందంటే, ఇక్కడ పలకరింపు "ఏంట్రా సంగతులు" అని మొదలవదు. "5 వోల్టుల దగ్గర మీటరు ఎంత చూపిస్తోంది?" అని మొదలవుతుంది. ఆ ప్రశ్నకు జవాబు వాడి దగ్గర ఉంటుంది. కానీ నాలుగు రోజులు నిలబడాలంటే పద్ధతి ఉంది. అడిగే ముందు వోల్టులు కొలిచి ఉండాలి. బోర్డు రెండు వైపులా పగటి వెలుగులో ఫోటో తీయాలి. చివరగా ఏం మార్చాడో దాచకుండా చెప్పాలి. బాగయ్యాక, తప్పు తనదే అయినా సరే, వచ్చి ఫలానా వైరు తప్పు పెట్టానని చెప్పాలి. జవాబు తీసుకుని మాయమయ్యేవాడికి రెండోసారి ఎవరూ పలకరు.

ఇంకో మెట్టుంది, అది మీవాడికి దగ్గర్లోనే ఉంది. ఆ 8085 కిట్‌లో దాన్ని నడిపే మానిటర్ ప్రోగ్రాము ఎక్కువగా ఈప్రామ్ అనే మెమరీ చిప్పులో ఉంటుంది. స్టిక్కరు కింద చిన్న గాజు కిటికీ ఉంటుంది, ఆ స్టిక్కరు పీకకూడదు, ఎండ తగిలితే లోపలి రాత చెరిగిపోతుంది. స్టిక్కరు ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ కొంత కారిపోతుంది. కాబట్టి ప్రోగ్రామర్ అనే పరికరంతో ఆ చిప్పును చదివి ఫైలుగా దాచాలి, రెండుసార్లు చదివి రెండూ ఒకటేనా అని సరిచూడాలి. కిట్‌తో వచ్చిన పుస్తకం ఉంటే 300 డీపీఐలో స్కాన్ చేయాలి. మన కాలేజీల కోసం ఇక్కడి చిన్న చిన్న కంపెనీలు చేసిన కిట్ల గురించి రాసిపెట్టింది తక్కువ. అలాంటిది ఒకటి పంచితే మీవాడు అక్కడ కుర్రాడు కాడు, ఆ కిట్ సంగతి తెలిసినవాడు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అడగాలి, కోపగించుకోకండి. ఆ మాటలు నడిచేటప్పుడు ఒక్క రాత్రయినా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారా? తలుపు దగ్గర నిలబడి వినడం కాదు. ఎదురింటి పిల్లాడి ర్యాంకు మీకు నోటికి తెలుసు, మీవాడి ఎనిమిదో దీపం సంగతి తెలియదు. కూర్చోండి. కూర్చుని ఈ కట్టుబాట్లు పెట్టండి: మాటలు హాల్లోనే, తలుపు మూసిన గదిలో కాదు. పదకొండుంబావుకు ఆఖరు. డబ్బు పంపడం, ఇంటి చిరునామా చెప్పడం మిమ్మల్ని అడక్కుండా జరగకూడదు. "ఇంట్లో చెప్పకు" అన్నవాడు, ఫోటోలు అడిగినవాడు ఎంత పండితుడైనా ఆ నిమిషమే కట్. ఇది పాత కంప్యూటర్లకే కాదు, ఏ గుంపుకైనా.

మీరు అసలు భయపడాల్సినవి భయపడటం లేదు. పెంటియం 4 డబ్బాలో ఎస్ఎంపీఎస్ ఉంది, అంటే కరెంటు మార్చి ఇచ్చే పెట్టె. అందులోని పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది. పాత గాజు మానిటర్ తెస్తే ఇంకా ఘోరం, ట్యూబుకు ఇరవై వేల వోల్టులు దాటి కూడా పోతుంది. ఈ రెండూ ఒంటరిగా విప్పకూడదు. మదర్‌బోర్డులో ప్రాసెసర్ పక్కన తల ఉబ్బిన కెపాసిటర్లు ఉంటే మార్చొచ్చు. అదే మైక్రోఫారడ్లు, వోల్టేజీ అంతకు తగ్గకుండా, 105 డిగ్రీలు తట్టుకునే లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ) రకం, ప్లస్ మైనస్ చూసి. 25 వాట్ల సోల్డరింగ్ ఇనుముతో ప్రయత్నిస్తే బోర్డు లోపలి రాగి పొర వేడంతా తాగేస్తుంది. సీసం కరగలేదని పట్టి లాగితే రంధ్రం లోపలి పూత ఊడి బోర్డు పోతుంది. సోల్డరింగ్ చేసిన చేత్తో అన్నం తినకూడదు, కడుక్కోవాలి. కిట్‌లో పాత నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి పచ్చగా పట్టి ఉంటే వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టాలి. మన సముద్రపు గాలికి చిప్పుల కాళ్లు తొందరగా నల్లబడతాయి, మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టమనండి.

ఊళ్లో స్నేహితుల మాట. వయసు ఒకటే కావాలన్న పట్టుదల వదిలేస్తే ఊళ్లోనే మనుషులు కనపడతారు. కిట్ ఇచ్చిన మాస్టారు ఉన్నారు, ఆయన్ని ఒకసారి ఇంటికి పిలవండి. పాత టీవీలు బాగుచేసిన మెకానిక్ కావలిలో ఒకరైనా ఉంటారు. గాజు ట్యూబులో నిలిచిన కరెంటును ఎట్టా ఖాళీ చేయాలో, చిప్పు కాళ్లు విరక్కుండా ఎట్టా పీకాలో ఆయన చేతికి తెలుసు. ఆదివారం రెండు గంటలు ఆయన బల్ల దగ్గర కూర్చోనివ్వండి. నెలకోసారి రైలెక్కించి ఎలక్ట్రానిక్ సామాన్ల అంగళ్లుండే మద్రాసు రిచ్చీ స్ట్రీటుకు తీసుకుపోండి, నెల్లూరు దాటాక మూడు గంటల లోపు ప్రయాణమే. అంగడిలో మీరు బేరమాడకండి, వాడి చేత ఆడించండి. అయితే మళ్లీ తిండి తగ్గినా, నిద్ర పట్టకపోయినా, ఈ బోర్డు మీద కూడా ఆసక్తి పోయినా సొంత వైద్యం వద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక బ్రాంచి. పాత కంప్యూటర్లు ఉద్యోగం ఇస్తాయని చెప్పను, ఇంటర్వ్యూలో జెడ్80 గురించి అడిగేవాళ్లు అరుదు. డేటాషీటు చదివే ఓపిక, తప్పు ఎక్కడుందో ఒక్కొక్కటి తీసేస్తూ వెతికే అలవాటు మాత్రం చేతికి వస్తాయి. దయచేసి దీన్ని సర్టిఫికెట్ల పోటీగా మార్చకండి, వాడికి మిగిలిన ఆ ఒక్క చోటూ పోతుంది.

ఏఐ-ఎంఎల్ మీద నాకు అనుమానాలున్నాయి. సబ్జెక్టు మీద కాదు, దాన్ని అమ్ముతున్న తీరు మీద. బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న పైపరిమితిని ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ 2024-25 నుంచి షరతులతో ఎత్తేసింది. సెక్షన్లు పెరిగాయి. పాఠం చెప్పేవాళ్లు అదే వేగంతో పెరిగారా అన్నది ప్రతి కాలేజీలోనూ అడగాల్సిన ప్రశ్న. మొదటి ఏడాది ఏఐ-ఎంఎల్‌లోనూ ఈసీఈలోనూ చాలావరకు ఒకే పాఠాలు. ఆ పైన ఏఐ-ఎంఎల్‌కు కావాల్సింది ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా. అవి ఇష్టపడని పిల్లాడికి బోర్డు మీద పేరు ఏం చేస్తుంది? ఆ పేరు కోసం మేనేజ్‌మెంట్ కోటాకు పొలం అమ్మడం అసలే వద్దు. అలాగని ఈసీఈ గొప్పదనీ అనను. ల్యాబుకు తాళం వేసి రికార్డులు రాయించే ఈసీఈ కంటే గట్టి కాలేజీలో మామూలు సీఎస్ఈ నయం. నాణ్యత సమానమైతే ఈసీఈ ఇవ్వండి, వాడు అడుగుతున్నాడు గనుక.

ఆప్షన్లు పెట్టే ముందు మీ జాబితాలోని కాలేజీలకు పని దినాన మధ్యాహ్నం మూడున్నరకు ఇద్దరూ వెళ్లండి. మైక్రోప్రాసెసర్ ల్యాబ్ చూపించమనండి. కిట్‌కు ఎంతమంది, ఎన్ని కిట్లు పనిచేస్తున్నాయి, సాయంత్రం కాలేజీ అయ్యాక ల్యాబ్ తెరిచి ఉంచుతారా అన్నది ప్రిన్సిపాల్‌ను కాదు, ల్యాబ్ అసిస్టెంట్‌ను అడగాలి. అడగాల్సింది మీవాడు. మీరు బయట టీ తాగుతూ ఉండండి.