‘అది నాన్న ప్రాజెక్టు’ అంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న: మేము టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయికి పదిహేడు నిండి రెండు నెలలైంది. ఆగస్టులో పన్నెండో తరగతి మొదలవుతుంది. పదకొండో ఏట నుంచి స్కౌట్స్‌లో ఉన్నాడు. లైఫ్ ర్యాంకు దాకా వచ్చాడు, దాని పైది, అన్నిటికన్నా పెద్దది ఈగిల్. అది రావాలంటే పద్దెనిమిది నిండేలోపు అన్నీ పూర్తి చేయాలి. ఒక్కో విషయం నేర్చుకుని సంపాదించవలసిన 21 మెరిట్ బ్యాడ్జీల్లో ఫ్యామిలీ లైఫ్, పర్సనల్ మేనేజ్‌మెంట్, పర్సనల్ ఫిట్‌నెస్ మిగిలాయి. ఈగిల్‌కు తప్పనిసరి అయిన సేవా ప్రాజెక్టు సంగతి వాడు ఎంతకీ తేల్చడం లేదని మావారే రంగంలోకి దిగారు. గుడిలో చెప్పుల స్టాండ్లు చేయిద్దామని ఆలయ కమిటీతో మాట్లాడారు, కొలతలు తీసుకున్నారు, ప్రతిపాదన రాసిపెట్టారు, చెక్క కొని గ్యారేజీలో పేర్చారు. స్కౌట్‌మాస్టర్ సంతకం ఒక్కటి తెమ్మంటే వాడు కదలడు. ఒక రాత్రి భోజనాల దగ్గర, ‘అది నాన్న ప్రాజెక్టు. బోర్డు ముందు కూర్చుని నేను చేశానని చెప్పలేను’ అన్నాడు. మావారు అన్నం ముందు నుంచి లేచిపోయారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు, మధ్యలో నేను ఒకరి మాటలు ఇంకొకరికి మోస్తున్నాను. ఒంగోలులో ఉన్న మా అత్తగారికి, మావగారికి మావారు మనవడికి ఈగిల్ వచ్చేసినట్టే చెప్పేశారు. కాలేజీ దరఖాస్తులకు ఇది కావాలని ఆయన పట్టుదల. ‘నన్ను వెనకనుంచి నడిపించినవాళ్లు లేరు. గుంటూరులో ఎన్‌సీసీ సి సర్టిఫికెట్ నా తిప్పలు నేను పడి తెచ్చుకున్నాను, వీడికి అన్నీ అమర్చినా పట్టదు’ అంటారు. వాడేమో శనివారాలు లైబ్రరీలో చిన్నపిల్లలకు చదరంగం నేర్పడానికి మాత్రం పిలవకుండానే వెళ్తాడు. పదేళ్ల చెల్లెల్ని కూడా వచ్చే ఏడు చేర్పిస్తానంటున్నారు మావారు. అబ్బాయికి ఎలా నచ్చజెప్పాలి?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. నచ్చజెప్పవలసింది మీ అబ్బాయికి కాదని ప్రతిసారీ అనిపించింది. భోజనాల దగ్గర అతను అన్న ఆ మాటను మీరు మొండితనం కింద జమకట్టారు. నాకు మాత్రం అది ఆరేళ్ల స్కౌటింగ్ అతనికి నేర్పిన పాఠంలాగే వినిపించింది. స్కౌట్స్ పాటించవలసిన పన్నెండు గుణాల్లో మొట్టమొదటిది నమ్మదగిన మనిషిగా ఉండటం. పిల్లలు దాన్ని సమావేశాల్లో పదేపదే పలుకుతారు, చాలామందికి అది నోటికి వచ్చిన పద్యంలా మిగిలిపోతుంది. మీ అబ్బాయి మాత్రం సొంత తండ్రి ఎదురుగా, ఆయనకు కోపం వస్తుందని తెలిసీ, ఆ మాట మీద నిలబడ్డాడు. ముందు ఇందుకు మీరు అతన్ని మెచ్చుకోవాలి. ఇంతవరకు ఇంట్లో ఎవరూ ఆ పని చేసి ఉండరు.

పైగా నియమం కూడా అతని పక్షానే ఉంది. ఈగిల్ ప్రాజెక్టుకు ఇన్ని గంటలు చేయాలని గాని, ఇంత పెద్దదిగా ఉండాలని గాని లెక్క లేదు. గుడికో బడికో ఊరికో మేలు చేసే పనిని ఆ పిల్లవాడే తలపెట్టి, ప్రణాళిక వేసి, ఇతరులను కూడగట్టి వాళ్లకు నాయకత్వం వహించాలి. తనతోపాటు కనీసం ఇద్దరైనా పనిచేయాలి. పని మొదలుపెట్టక ముందే మేలు పొందే సంస్థ, స్కౌట్‌మాస్టర్, ట్రూప్ (అంటే పిల్లవాడి స్కౌట్ దళం) కమిటీ, ఆ పైన ఆ ప్రాంతపు స్కౌట్ విభాగాలైన డిస్ట్రిక్ట్ లేదా కౌన్సిల్, వీళ్లందరి ఆమోదం కావాలి. మీ ఇంట్లో జరిగింది చూడండి. అనుమతి రాకముందే చెక్క వచ్చింది. కుర్రవాడు నోరు విప్పకముందే కొలతలు అయిపోయాయి. ఆలయ కమిటీ దగ్గరికి వెళ్లి, కాస్త బెరుకుతో ‘నాకొక ఆలోచన ఉంది’ అని చెప్పుకోవలసింది అతను. వాళ్లు ‘ఇప్పుడు కాదు బాబూ, పండగ తర్వాత రా’ అంటే ఉసూరుమని వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లవలసిందీ అతనే. ఈ అవార్డులో విలువైనదంతా ఆ తిరుగుళ్లలోనే ఉంది. మీ వారు ప్రేమతోనే ఆ భాగాన్ని తను చేసేసి, కొడుక్కి సంతకం పెట్టించే పని మిగిల్చారు.

చివర్లో బోర్డ్ ఆఫ్ రివ్యూ ఉంటుంది. ముగ్గురి నుంచి ఆరుగురి దాకా పెద్దలు ఎదురుగా కూర్చుంటారు, తల్లిదండ్రులు ఆ గదిలో ఉండరు. అది తాళ్లకు ముడులు వేయించి చూసే పరీక్ష కాదు. ప్రాజెక్టులో అనుకున్నట్టు జరగనిదేమిటి, అప్పుడేం చేశావు, మాట వినని వాళ్లతో ఎలా నెగ్గుకొచ్చావు అని అడుగుతారు. 1912లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి ఆర్థర్ ఎల్‌డ్రెడ్ అనే కుర్రవాడు మొట్టమొదటి ఈగిల్ అయినప్పుడు కూడా పెద్దలు కూర్చోబెట్టి ప్రశ్నించే ఇచ్చారు. మీ అబ్బాయి ఆ గదిని ఇప్పటికే ఊహించుకున్నాడు. అక్కడ తను చెప్పబోయే ప్రతి జవాబూ నాన్నదే అవుతుందని అతనికి అర్థమైంది. పదిహేడేళ్ల పిల్లవాడికి ఇంత ముందుచూపు ఉంటే, బద్ధకం అన్న మాట ఇంక ఎవరూ ఎత్తకూడదు.

ఇక మీ వారి సంగతి. ఆయన మీద నాకు కోపం రావడం లేదు. పరాయి దేశంలో పిల్లవాడికి ఏ తలుపు ఎప్పుడు మూసుకుపోతుందో తెలియని తండ్రి భయం అది. ఆ భయం కన్నా, తనను ముందుకు తోసేవాళ్లు లేకపోయారన్న పాత బాధ ఇంకా బలంగా ఉన్నట్టుంది. కానీ ఆయన సి సర్టిఫికెట్ కథనే ఆయనకు గుర్తు చేయండి. బి సర్టిఫికెట్ తర్వాత మూడో ఏడు శిక్షణ, పరేడ్లకు తప్పని హాజరు, క్యాంపులు, ఆపైన పరీక్ష. ఆ పరేడ్లు ఆయన బదులు మీ మావగారు చేయలేదు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట ఎత్తితే ఆయన గొంతులో గర్వం పలుకుతుంది. ఆ గర్వం కొడుక్కి కూడా దక్కాలంటే, ఆ తిప్పలు కూడా కొడుక్కే వదలాలి. ఈ మాట వాదనలా కాకుండా, ఆయన ప్రశాంతంగా ఉన్నప్పుడు, పిల్లలు పక్కన లేనప్పుడు చెప్పండి. ‘నువ్వు తప్పు చేశావు’ అని మొదలుపెడితే ఆయన వినరు. ‘మీకు అప్పట్లో అది ఎందుకంత ముఖ్యమైంది?’ అని అడిగి చూడండి, ఆయనే చెప్పుకొస్తారు.

కాలేజీ దరఖాస్తుల గురించి ఒక్క మాట. ఈగిల్ ఉంటే సైన్యంలో చేరేవాళ్లకు మొదట్లోనే ఒక మెట్టు పై జీతం దొరుకుతుంది, అది నిజం. కాలేజీలు మాత్రం ఈగిల్ ఉందని సీటు చేతిలో పెట్టవు. దరఖాస్తులో అది ఒక పంక్తి. దానికి బలమిచ్చేది వ్యాసంలో పిల్లవాడు రాసుకునే అనుభవం. తను చేయని చెప్పుల స్టాండ్ల గురించి ఏ పిల్లవాడూ నాలుగు వాక్యాలు ప్రాణం పెట్టి రాయలేడు.

మీరు వెంటనే చేయవలసింది కబుర్లు మోయడం మానేయడం. ‘నాన్న ఇలా అన్నారు’, ‘వాడు అలా అన్నాడు’ అని మీరు చెప్పినంత కాలం వాళ్లిద్దరికీ ఎదురుపడే అవసరం రాదు. ఇద్దరికీ ఒకే మాట చెప్పండి: ‘ఆ సంగతి మీరే మాట్లాడుకోండి.’ మొదటి కొన్ని రోజులు ఇల్లు ఇంకా బిగుసుకుపోతుంది, దానికి సిద్ధపడండి. మీరు కరిగిపోయి మళ్లీ మధ్యలోకి వెళ్లకండి.

మాటలు కలపడానికి మీ అబ్బాయికి మిగిలిన బ్యాడ్జీల్లోనే ఒక దారి ఉంది. ఫ్యామిలీ లైఫ్ బ్యాడ్జికి కనీసం ఐదు ఇంటిపనులు ఎంచుకుని 90 రోజులు చేసి రాసుకోవాలి, కుటుంబమంతా పాల్గొనే ఒక పని తలపెట్టాలి, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకునే సమావేశం జరపాలి. ఆ సమావేశం అతను పిలవాలి, తండ్రి వచ్చి కూర్చోవాలి. స్కౌట్ పుస్తకం కోరింది కాబట్టి ఇద్దరిలో ఎవరూ తగ్గినట్టు కాదు. పంతాలు పట్టిన ఇళ్లలో ఇలాంటి సాకులు ఎంతో మేలు చేస్తాయి. మిగతా రెండు బ్యాడ్జీలు కూడా వారాంతంలో కూర్చుని పూర్తిచేసేవి కావు. పర్సనల్ మేనేజ్‌మెంట్‌కు 13 వారాల జమాఖర్చు రాయాలి, పర్సనల్ ఫిట్‌నెస్‌కు 12 వారాల వ్యాయామం చేయాలి. మూడూ ఒకేసారి నడపవచ్చు. ముందుగా ఆయా బ్యాడ్జి కౌన్సిలర్లతో, అంటే ఆ బ్యాడ్జి పని చూసే పెద్దలతో, అతనే మాట్లాడుకోవాలి. ఈ వేసవిలో మొదలుపెడితే దసరా నాటికి ముగించవచ్చు. బోర్డు ఒక్కటే పుట్టినరోజు తర్వాత జరిగినా ఫరవాలేదు, మిగతావన్నీ ఆ లోపే అయిపోవాలి. చదువు ఒత్తిడి అంటే గడువు పొడిగించరు, ఈ సంగతి అతనికి ఒకసారి స్పష్టంగా చెప్పి వదిలేయండి. రోజూ గుర్తు చేయకండి.

అన్నిటికన్నా ముందు ఇంకొక ప్రశ్న ఉంది, అది ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు: ‘నీకు ఈగిల్ కావాలా?’ నిజంగా అడగండి. జవాబు ముందే నిర్ణయించుకుని అడిగితే పిల్లలు ఇట్టే కనిపెడతారు. కావాలంటే, ఏ పని, ఎవరికోసం, ఎప్పుడు అనేది అతనే తేల్చాలి. చెక్కతోనే చేయాలన్న నియమం ఎక్కడా లేదు. లైబ్రరీలో చదరంగం నేర్పుతున్నాడని మీరు రాయగానే నాకు ఒక ఆలోచన తట్టింది, మీకూ తట్టే ఉంటుంది. దయచేసి అది అతనితో అనకండి. మీరు సూచిస్తే అది అమ్మ ప్రాజెక్టు అవుతుంది. దారి తోచకపోతే సలహా చెప్పడానికి ప్రాజెక్టు కోచ్ అని ఒక పెద్దమనిషిని కౌన్సిల్ ఏర్పాటు చేస్తుంది, అతను అడిగితే చాలు. పని జరిగే రోజున మీ వారు కూడా వెళ్లవచ్చు, కొడుకు చెప్పిన చోట నిలబడి చెప్పిన పని చేయవచ్చు. అది ఆయనకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. ఒక పెట్టె తప్పుగా అమరుస్తున్నారని కనబడినా, కొడుకు అడిగేదాకా నోరు మెదపకూడదు మరి.

వద్దన్నాడనుకోండి, అప్పుడు వదిలేయండి. లైఫ్ ర్యాంకు అతని నుంచి ఎవరూ తీసుకోరు. అడవిలో వండుకుని తినడం, గాయానికి కట్టు కట్టడం, చిన్నవాళ్లను వెంటబెట్టుకు నడవడం నేర్చుకున్నాడు, అవి ఎక్కడికీ పోవు. ఒంగోలుకు ఫోను చేసి సంగతి చెప్పవలసింది మాత్రం మీ వారే. తొందరపడి చెప్పింది ఆయన. మీ అత్తగారి దగ్గరా మావగారి దగ్గరా పిల్లవాడి తరఫున సంజాయిషీ ఇచ్చుకునే పని మీరు నెత్తిన వేసుకోవద్దు. మనవడు అబద్ధం చెప్పడానికి ఒప్పుకోలేదని వింటే ఆ పెద్దవాళ్లు మీరు భయపడుతున్నంత బాధపడతారని నేను అనుకోను.

చెల్లెలి విషయం. ఆడపిల్లలకు 2019 నుంచి ఆ ట్రూపుల్లో ప్రవేశం ఉంది, 2021లో మొదటి విడతగా అమ్మాయిలు ఈగిల్ కూడా అయ్యారు. కాబట్టి పాపకు దారి తెరిచే ఉంది. కానీ పదకొండేళ్లు వచ్చాక ఒకటి రెండు సమావేశాలకు ఊరికే తీసుకెళ్లి చూపించండి, నచ్చితే చేరుతుంది. అన్నయ్యతో తీరని ముచ్చట తీర్చడానికైతే ఆ పిల్లను చేర్పించవద్దు.

గ్యారేజీలో చెక్క మిగిలింది కదా. గుడికి చెప్పుల స్టాండ్లు నిజంగా అవసరమైతే మీ వారూ ఆయన స్నేహితులూ ఒక శనివారం కలిసి చేసి ఇవ్వవచ్చు. కొలతలు ఉన్నాయి, పనితనం ఉంది, ఓపిక ఉంది. దానికి కొడుకు పేరు అక్కర్లేదు, స్కౌట్ ప్రాజెక్టు వర్క్‌బుక్కేదీ నింపనక్కర్లేదు. ఆలయ కమిటీకి ఫోను చేసి, ‘ఇది మా అబ్బాయి ఈగిల్ ప్రాజెక్టు కాదు, నేను చేయాలనుకున్న సేవ’ అని ఆయన్నే చెప్పమనండి.