ముందు 120, వెనక 480: ఏ కేలరీ లెక్క నమ్మాలి?

ప్రశ్న: బరువు తగ్గమని డాక్టర్ చెప్పినప్పటి నుంచి తిన్నవాటి కేలరీలు రాసుకుంటున్నాను. రోజూ తినే 75 గ్రాముల బిస్కెట్ ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో '120 కేలరీలే' అని ఉంది. రెండు నెలలయ్యాక వెనక పట్టిక చూస్తే 100 గ్రాములకు 480 అని ఉంది. ఇది మోసం కాదా? కేసు వేయవచ్చా?

జవాబు: రెండు అంకెలూ నిజమే అయి ఉండవచ్చు. 100 గ్రాములకు 480 అయితే 25 గ్రాములకు 120. అంటే ముందున్నది ఒక్క సర్వింగు (ఒకసారి తినడానికి కంపెనీ అనుకున్న మోతాదు) లెక్క. మీ ప్యాకెట్‌లో అలాంటివి మూడున్నాయి కాబట్టి రోజూ మీరు తిన్నది 360. పట్టికలో 'కిలో కేలరీలు' అని ఉన్నా కంగారు పడకండి, మామూలుగా మనం కేలరీ అనేది దాన్నే.

మన లేబులింగ్ నిబంధనలు (2020) పోషకాల వివరాలను 100 గ్రాములకు గానీ, ఒకేసారి తినేసే ప్యాక్ అయితే ఆ ప్యాక్ మొత్తానికి గానీ ఇమ్మంటాయి. ఒక్కో సర్వింగు రోజువారీ అవసరంలో ఎంత శాతమో కూడా చెప్పాలి. ఆ శాతం 2000 కిలో కేలరీల మీద వేసినది. డాక్టర్ మీకు అంతకంటే తక్కువ చెప్పి ఉంటే అది మీకు సరిపోదు.

అంకె నిజమైనంత మాత్రాన కంపెనీ తప్పించుకున్నట్టు కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లేబుల్, రేపర్ కూడా ప్రకటన కిందికే వస్తాయి. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిన ప్రకటనను ఆ చట్టం తప్పుదోవ పట్టించేదిగా చూస్తుంది. అందుకే ఆ 120 పక్కన 'ఒక సర్వింగుకు, 25 గ్రాములు' అని ఉందా లేదా అన్నది మీ కేసుకు ప్రాణం. ఎక్కడా లేకపోతే మీ వాదన గట్టిది. కనిపించీ కనిపించని అక్షరాల్లో ఉన్నా వాదించవచ్చు. పక్కనే స్పష్టంగా ఉంటే మాత్రం కేసు వేయమని నేను చెప్పను.

ముందుగా ఆహార భద్రత అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఆహార భద్రత చట్టం, 2006లోని సెక్షన్ 53 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. ఆ డబ్బు మీకు రాదు, కానీ లేబుల్ మారితే మీలా లెక్క రాసుకునే ఇంకెందరికో మేలు. పరిహారం కావాలంటే మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. అయితే బరువు తగ్గకపోవడానికి ఈ లేబులే కారణమని రుజువు చేయడం చాలా కష్టం. పెద్ద మొత్తం మీద ఆశ పెట్టుకోవద్దు.

అసలు ఆ 480 మీదే అనుమానముంటే దారి వేరు. ఆహార భద్రత చట్టంలోని సెక్షన్ 40 ప్రకారం కొనుక్కున్నవారే రుసుము కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు పంపుతున్నట్టు కొనేటప్పుడే అమ్మేవారికి చెప్పాలి. ఇది చాలామందికి తెలియక తర్వాత ఇబ్బంది పడతారు. మీ గొడవ అంకెతో కాదు, దాన్ని చూపించిన తీరుతో కాబట్టి మీకు ఆ ఖర్చు అక్కర్లేదు.

ఖాళీ ప్యాకెట్లు, బిల్లులు దాచండి. బ్యాచ్ నంబరు కనిపించేలా రెండు వైపులా ఫోటోలు తీసుకోండి. కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు.