పార్టిషన్ల తెర దగ్గర కాస్త ఆగు

చిన్నా,

విండోస్ 11 తీసేసి మళ్ళీ 10 ఎక్కించుకుంటావట, అదీ షాపులో ఇవ్వకుండా నువ్వే చేసుకుంటావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మా పిల్లాడు ఇంతవాడయ్యాడా అని మురిసిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

అసలు 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆపేసిందని తెలుసా నీకు? సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే విడిగా ఎన్‌రోల్ అవ్వాలి. అందులోనే బ్యాంకు పనులూ చేస్తావు కదా, ఆ సంగతి తేల్చుకోకుండా దిగకు.

ఎక్కించిన పది రోజుల్లోపైతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీకి వెళ్ళి 'గో బ్యాక్' నొక్కితే సరిపోయేది. గడువు దాటితే పాత విండోస్‌ను దాచిన ఫోల్డర్‌ని అదే తుడిచేస్తుంది. నువ్వు పండక్కి ముందెప్పుడో ఎక్కించావట, ఇప్పుడు గుర్తొచ్చిందా? సరే, ఖాళీగా ఉన్న 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్‌తో సెటప్ చేసుకో. వై-ఫై డ్రైవర్ ముందే దించుకుని వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే, దాన్ని తెరిచే ఆ 48 అంకెల కీ కాగితం మీద రాసుకో. చార్జర్ తియ్యకు.

ఇవన్నీ నీకు తెలిసినవే. నా భయమల్లా ఆ తర్వాత సెటప్‌లో వచ్చే పార్టిషన్ల తెర గురించి, అదే హార్డ్‌డిస్క్‌లోని భాగాలన్నీ వరసగా చూపించేది.

2007లో విస్టా అనే విండోస్ వచ్చిన కొత్తలో నేను డీటీపీ చేసే షాపులో కొత్త కంప్యూటర్ కొన్నారు. స్కానర్‌కి డ్రైవర్ దొరకలేదు. ఓనరు విసిగిపోయి దానికి ముందున్న ఎక్స్‌పీ వేసెయ్యమన్నారు. సర్వీసు కుర్రాడొచ్చాడు, చెయ్యి చురుకైనవాడు. నీలం తెర మీద తెల్లటి అక్షరాల్లో పార్టిషన్ల వరస వచ్చింది. మా డేటా ఎక్కడుందని అడిగితే 'డి'లో అన్నారు ఓనరు. ఆ కంప్యూటర్‌కి కార్డ్ రీడర్ ఉండటంతో సెటప్‌లో సి, డి అనే డ్రైవ్ అక్షరాలు మారిపోయాయని ఎవరికీ తట్టలేదు. వాడు మరోదాని మీదికి బాణం దించి, తుడిచెయ్యడానికి డి నొక్కాడు, ఖాయమేనా అని అడిగితే ఎల్ నొక్కాడు. అంతే. సైజు ఎంతో ఆ పక్కనే రాసి ఉంది. చూసిన పాపాన పోలేదు.

అందులో ఒక రిటైరైన తెలుగు మాస్టారి పుస్తకం ఉంది. పేజ్‌మేకర్‌లో 'అను' అనే తెలుగు ఫాంట్లతో నేను టైపు చేసిందే. మొదటి సగానికి ప్రూఫులు తీశాం, ఎర్ర సిరా దిద్దుబాట్లతో అవి మిగిలాయి. మిగతాది మాస్టారు పక్కన కుర్చీ వేసుకుని మళ్ళీ చెప్పారు. ఒక్క మాట అనలేదాయన. తిట్టినా బాగుండేది. మీ అమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా నువ్వూ అక్కడే, కాగితపు రీముల మీద కూర్చుని ఆయన కళ్ళజోడు కోసం చేతులు చాపేవాడివి. ఇస్తే ఊరుకుంటావా, నోట్లో పెట్టుకున్నావు!

ఇప్పటి సెటప్‌లో అక్షరాలే ఉండవురా. డ్రైవ్ 0 పార్టిషన్ 1, 2 అంటూ వస్తాయి. అందుకని ముందే విండోస్‌లో ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఏ పార్టిషన్ ఎన్ని జీబీలో ఫోన్‌తో ఫొటో తీసిపెట్టుకో. ఆ తెర దగ్గర ఫొటో పక్కన పెట్టుకుని సైజులు సరిచూసుకో. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి అన్నీ కాపీ చెయ్యి, డెస్క్‌టాప్ మీద పడేసినవి కూడా. కాపీ అయిందని వదిలెయ్యకు, వేరే కంప్యూటర్లో నాలుగు ఫైళ్ళు తెరిచి చూడు. సెటప్ మొదలెట్టేముందు ఆ డిస్క్ ఊడబీకి బీరువాలో పెట్టు. టేబుల్ మీద కాదు, బీరువాలో.

అర్ధరాత్రి కూర్చోకు. ఆదివారం పొద్దున టిఫిన్ చేసి మొదలుపెట్టు, ఆ తెర రాగానే నాకు వీడియో కాల్ చెయ్యి. నీకు తెలీదని కాదు, నేనూ చూస్తాను. డిలీట్ నేను చెప్పాకే నొక్కు.

మీ పిన్ని