టీపొడి మారిందని చెప్పగానే రుచి పోయింది

ప్రశ్న: మాది విజయనగరం. నా పెళ్లికి ముందు నుంచీ మా అత్తగారు ఒకటే కంపెనీ టీపొడి వాడుతున్నారు. రేటు బాగా పెరిగిందని ఆవిడకి చెప్పకుండా అదే డబ్బాలో వేరే చవక పొడి పోసి పెట్టాను. మూడు వారాలు శుభ్రంగా తాగారు, ఒకరోజు "టీ బాగా కుదిరిందమ్మా" అని కూడా అన్నారు. తర్వాత నేనే నవ్వుతూ అసలు సంగతి చెప్పాను. అంతే, ఆ పూట నుంచి "చప్పగా ఉంది" అంటూ గ్లాసు పక్కన పెట్టేస్తున్నారు. పొడి అదే, పాలు అవే. ఇది మొండితనం కాదంటారా?
ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా. బాగుందన్న రోజూ, చప్పగా ఉందన్న రోజూ ఆవిడ నిజమే చెప్పారు. 2004లో అమెరికాలో కొందరికి కోక్, పెప్సీ తాగిస్తూ మెదడు స్కాన్ చేశారు. పేర్లు దాచి ఇస్తే ఇష్టాలు రెండువైపులా చీలిపోయాయి. అదే ఇది కోక్ అని చెప్పి ఇస్తే మాత్రం, జ్ఞాపకాలకు సంబంధించిన హిప్పోక్యాంపస్ లాంటి భాగాలు కూడా చురుకయ్యాయట. అంటే పేరు తెలిశాక తాగే గుక్కలో పాత రోజులు కూడా కలుస్తాయి. మీ అత్తగారి గ్లాసులో ఎన్నేళ్ల తెల్లవారుజాములు ఉన్నాయో ఆలోచించండి.

ఇది పట్టించుకోకే కోకాకోలా వాళ్లు 1985లో దెబ్బతిన్నారు. దాదాపు రెండు లక్షల మందికి కొత్త రకం కోక్ రుచి చూపించి, ఎక్కువమంది కొత్తదే బాగుందన్నాక పాతది ఆపేసి కొత్తది దించితే, జనం ఫోన్ల మీద ఫోన్లు చేసి, ఉత్తరాలు రాసి ఎంత గొడవ చేశారంటే, 79 రోజులకే పాతదాన్ని మళ్లీ తెస్తున్నామని చెప్పాల్సి వచ్చింది.

ఇంకో మాట, కొంచెం కటువుగా ఉన్నా చెప్పాలి. ఆవిడకి చప్పబడింది టీ ఒక్కటే కాదేమో. చెప్పకుండా మార్చారు, పైగా నవ్వుతూ చెప్పారు. పెద్దావిడకి అది పరీక్ష పెట్టినట్టు అనిపించి ఉంటుంది.

నాకూ ఇలాంటి మమకారం ఉంది. పొందూరు ఖద్దరు చేత్తో తడిమితే మా నాన్నగారు గుర్తొస్తారు, అందుకే ధర ఎక్కువైనా కొంటాను. కానీ అక్కడ వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్న నూలు వడికే చేతుల పనికి కూడా డబ్బిస్తున్నానని నాకు తెలుసు. చిక్కంతా పేరు అలాగే ఉండి లోపలి సరుకు మారినప్పుడే. కొన్ని కంపెనీల వాళ్లు రేటు పెంచకుండా ప్యాకెట్లో గ్రాములు తగ్గించేస్తారు, రంగూ బొమ్మా అవే కాబట్టి మన కళ్లు పోల్చుకోవు. అలవాటైన ప్యాకెట్ బరువు ఎవరు చూస్తారు? మీరు చూడండి, గ్రాముకి ఎంత పడుతోందో లెక్కేసి, ఆ లెక్క ఆవిడ ముందే పెట్టండి. నగల కొట్టయితే మరీనూ, ముప్పై ఏళ్ల పరిచయమైనా ఆరక్షరాల హాల్‌మార్క్ నంబరు చూడకుండా కొనకండి.

టీ సంగతికొస్తే, ముందు "చెప్పకుండా మార్చడం తప్పే అత్తయ్యా" అనండి. పొద్దున్న ఆవిడ గ్లాసుకి ఆవిడ పొడే వాడి, చవకది సాయంత్రం మీ అందరికీ పెట్టుకోండి. ఒక్క గ్లాసుకి నెలకి ఎంతవుతుంది, మహా అయితే ఓ చిన్న ప్యాకెట్!