జంతు ప్రవర్తన చదివితే ఉద్యోగాలుంటాయా? డిగ్రీలోనే కాన్ఫరెన్సుకి వెళ్లడం ఖర్చు దండగేనా?

మీరు అడిగింది ఒక ప్రశ్నలా కనిపిస్తోంది గానీ అందులో మూడున్నాయి. జంతు ప్రవర్తన, వన్యప్రాణి జీవశాస్త్రం చదివినవాళ్లకి ఉద్యోగాలుంటాయా అన్నది ఒకటి. డిగ్రీ చివరి ఏడాదిలోనే కాన్ఫరెన్సుకి వెళ్తే లాభమా, దండగా అన్నది రెండోది. చూపించుకోవడానికి సొంత పని ఏమీ లేకపోయినా వెళ్లొచ్చా అన్నది మూడోది. నేను కోతుల వెనక తిరిగే ఫీల్డ్ అసిస్టెంటుగా ఇందులోకి వచ్చాను. తర్వాత పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు ప్రాజెక్టులకి వచ్చే దరఖాస్తులు చదివే వైపు కూర్చుంటున్నాను కాబట్టి కాస్త నిర్మొహమాటంగానే చెబుతాను.

"చిన్నప్పటి నుంచి జంతువులంటే ప్రాణం" అని రాశారు. మాకొచ్చే దరఖాస్తులు చాలావరకు ఈ వాక్యంతోనే మొదలవుతాయి, అందుకే మా కళ్లు దాన్ని దాటేసి కిందికి పోతాయి. మీ ప్రేమ అబద్ధమని కాదు. కానీ జంతువు మూడు గంటలు కొమ్మ మీద ఊరికే కూర్చుంటే మీరూ చెట్టు కింద మూడు గంటలు కూర్చుని, అది ఊరికే కూర్చుందని వరసగా రాసుకోవాలి. ఆ ఓపిక ఉందని కాగితం మీద చూపించగలరా అన్నదే మేం చూసేది.

నా మొదటి వారం నోట్‌బుక్ చదివితే కోతులు పొద్దస్తమానం కొట్టుకు చస్తాయనిపిస్తుంది. పళ్లు చూపించింది, తరిమింది, తోక పట్టుకు లాగింది, పేజీల నిండా ఇవే. మా గైడు రెండు పేజీలు తిప్పి, "గుంపులో పద్నాలుగున్నాయి కదా, ఈ రెండూ కొట్టుకుంటుంటే మిగతా పన్నెండూ ఏం చేస్తున్నాయి?" అన్నారు. నోరు పెగల్లేదు. మర్నాటి నుంచి చేతి గడియారం పది నిమిషాలకోసారి మోగేలా పెట్టుకున్నాను. మోగిన క్షణంలో కంటికి ఆనిన ప్రతి కోతికీ ఒక్కో గుర్తు: తినడానికి 'తి', విశ్రాంతికి 'వి', నడకకి 'న', ఒకదానికొకటి పేలు చూసుకుంటే 'పే', గొడవకి 'గొ'. నెల తిరిగేసరికి షీట్లన్నీ 'వి'లు, 'తి'లు. 'గొ' ఎక్కడుందా అని వేలు పెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది. గొడవ జరిగితే తల దానంతటదే అటు తిరుగుతుంది, నిద్రపోయే కోతి వైపు ఎవరూ చూడరు. మొదటి వారం నేను రాసుకున్నది కోతుల గురించి కాదు, నా చూపు ఎటు పోతుందో దాని గురించి.

జంతు ప్రవర్తన శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ 1974లో 'బిహేవియర్' పత్రికలో రాసిన వ్యాసం అచ్చంగా ఈ తప్పు గురించే. తోచినట్టు రాసుకునే నోట్సు ఎక్కడ దారి తప్పిస్తుంది, గుంపంతటినీ ఒక్కసారి చూసే స్కాన్ శాంప్లింగ్ ఎప్పుడు వాడాలి, ఒకే జంతువుని పట్టుకుని నిర్ణీత సమయం వెంటపడే ఫోకల్ శాంప్లింగ్ ఎప్పుడు వాడాలి అన్నది అందులో ఉంటుంది. యాభై ఏళ్లు దాటినా నేను ఇంటర్వ్యూలో అడిగే మొదటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. అది చదవకుండా ఏ ప్రొఫెసర్‌కీ మెయిల్ పెట్టకండి.

ఇక రెండు రంగాల్నీ మీరు ఒకే గాటన కట్టారు. దగ్గర చుట్టాలే గానీ కాపురాలు వేరు. ప్రవర్తన వాళ్లు "ఇది ఇలా ఎందుకు చేస్తోంది" అని అడుగుతారు. నికో టిన్‌బర్గన్ 1963లో ఆ ఒక్క 'ఎందుకు'ని నాలుగుగా విడదీశారు. ఒంట్లో ఏ యంత్రాంగం దాన్ని నడిపిస్తోంది, పుట్టినప్పటి నుంచి ఎలా ఏర్పడుతూ వచ్చింది, బతకడానికీ పిల్లల్ని కనడానికీ దానివల్ల ఒరిగేదేమిటి, పరిణామంలో ఎక్కడి నుంచి వచ్చింది. పదేళ్ల తర్వాత, 1973లో, కార్ల్ ఫాన్ ఫ్రిష్, కాన్రాడ్ లోరెంజ్‌లతో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. వన్యప్రాణి జీవశాస్త్రం వాళ్ల గోల వేరు. ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి, తగ్గుతున్నాయా, తగ్గితే ఏం చేయాలి. నేను చూసినంతలో జీతమిచ్చే ఉద్యోగాలు ఈ రెండో వైపే ఎక్కువ.

రెండూ కలిసే చోట్లు మాత్రం చాలా బాగుంటాయి. కెన్యాలో లూసీ కింగ్ చేసిన పని చూడండి. తేనెటీగల రొద రికార్డు చేసి వినిపిస్తే చాలు, ఏనుగులు అక్కడి నుంచి జారుకుంటాయని ముందు ప్రయోగాలతో చూపించారు. ఆ తర్వాత తేనె పెట్టెల్ని తీగతో వరసగా కలిపి పొలాల చుట్టూ కంచెగా కట్టించారు. ఏనుగు తీగని తోస్తే పెట్టెలు ఊగుతాయి, ఈగలు లేస్తాయి. ప్రవర్తన మీద చేసిన చిన్న పరిశీలన పంటనీ ఏనుగునీ రెండింటినీ కాపాడే పనిముట్టయింది.

ఉద్యోగాలంటే ప్రొఫెసరు, అటవీ అధికారి, ఇంకేమున్నాయి అన్నారు. విమానాశ్రయాలున్నాయి. నవ్వకండి. 1960 అక్టోబరు 4న బోస్టన్‌లో గాల్లోకి లేచిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం స్టార్లింగ్ పిట్టల గుంపులో చిక్కుకుని కూలిపోయి 62 మంది చనిపోయారు. దొరికిన ఈక ముక్కల్ని పరిశీలించి అవి ఏ పిట్టవో తేల్చింది అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియం సంస్థలో పనిచేసిన రాక్సీ లేబోర్న్. అక్కడ ఈకల్ని గుర్తుపట్టడానికే ఒక ప్రయోగశాల ఉంది. 2009 జనవరిలో హడ్సన్ నది మీద దిగిన విమానం ఇంజిన్లలో పడ్డవి కెనడా గూస్ బాతులని నిర్ధారించింది కూడా వాళ్లే. పక్షులు ఏ గడ్డికి వస్తాయి, ఏ నీటికి వస్తాయి, ఏ శబ్దానికి అలవాటుపడిపోతాయి అని తెలిసినవాళ్ల అవసరం విమానాశ్రయాలకి ఎప్పుడూ ఉంటుంది. గాలిమరల దగ్గర చనిపోయే గబ్బిలాల్ని లెక్కపెట్టే పని, రోడ్ల మీద జంతువులు దాటే వంతెనలు ఎక్కడ కట్టాలో చెప్పే పని, పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే కన్సల్టెన్సీల పని, ఇవన్నీ అదే కోవ. జూలలో జంతువు బోనులో అటూ ఇటూ పచార్లు చేస్తుంటే ఎందుకు చేస్తోందో, ఎలా తగ్గించాలో చూసే సంక్షేమ పరిశోధకులుంటారు. పెంపుడు జంతువుల సమస్యలు చూసే వృత్తి కూడా ఉంది. అమెరికాలోని యానిమల్ బిహేవియర్ సొసైటీ దానికి ధ్రువీకరణ ఇస్తుంది, పూర్తిస్థాయి ధ్రువీకరణకి డాక్టరేట్ స్థాయి చదువు కావాలి, అసోసియేట్ స్థాయికి మాస్టర్స్ చాలు.

వీటన్నిటికీ పనికొచ్చేది ఒకటే, లెక్క. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో డేటా సర్దడం, మ్యాపుల కోసం క్యూజీఐఎస్, వీడియోల్లో ప్రవర్తనని కోడ్ చేయడానికి, అంటే ఏ జంతువు ఎప్పుడు ఏం చేసిందో గుర్తులతో నమోదు చేయడానికి, ఉచితంగా దొరికే బోరిస్ అనే సాఫ్ట్‌వేర్. మీ ఊళ్లో అడవి లేకపోయినా ఇవి నేర్చుకోవచ్చు. కిటికీ మీద వాలే పావురాల వీడియో పది గంటలు తీసి కోడ్ చేసి, అదే వీడియోని ఇంకొకరితో కూడా కోడ్ చేయించి, మీ ఇద్దరికీ ఎంతవరకు పొసిగిందో లెక్కకట్టి పంపండి. పులుల అడవిలో సెల్ఫీ కంటే నాకు అదే ఎక్కువ.

జీతం లేని "వాలంటీర్" పోస్టుల గురించి ఒక మాట. ఇంకా దారుణం, మీరే ఎదురు డబ్బు కట్టి పనిచేసేవి కూడా ఉన్నాయి. నేనూ ఒక సీజను ఊరికే చేశాను, తిండీ బసా మాత్రం ఇచ్చారు. ఒక సీజను మించి ఎవరూ చేయకూడదన్నది నా అభిప్రాయం. ఒప్పుకునే ముందు బీమా ఎవరిది, డేటా ఎవరిది, పేపరు వస్తే నా పేరెక్కడ అని అడగండి. అంతకుముందు ఏడాది పనిచేసిన అసిస్టెంటు నంబరు కూడా అడగండి. ఇవ్వడానికి నసిగితే అదే సమాధానం.

కాన్ఫరెన్సుల సంగతికొస్తే, ముందు నా తెలివితక్కువతనం చెప్పాలి. మాస్టర్స్‌లో ఉండగా "గౌరవనీయ శాస్త్రవేత్త గారికి" అంటూ మెయిల్ వచ్చింది. నన్ను ఎవరూ అప్పటిదాకా శాస్త్రవేత్త అనలేదు, గారు అసలే అనలేదు. అప్పుచేసి రుసుము కట్టాను. వెళ్తే ఒకే హాల్లో నాకు ముందు పళ్ల వైద్యం, నా తర్వాత నానో పదార్థాలు. వినేవాళ్లు ఆరుగురు, అందులో నలుగురు తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. సర్టిఫికెట్టు మాత్రం బంగారు అంచుతో ఇచ్చారు. అలాంటి మెయిల్ వస్తే దాని వెనక ఏ శాస్త్ర సంఘం ఉందో, ఏటేటా ఎవరు మాట్లాడారో, మీరు చదివిన పేపర్ల రచయితల్లో ఒక్కరైనా ఎప్పుడైనా వెళ్లారో చూడండి. మీ పని గురించి మీరు పంపిన సారాంశాన్ని రెండ్రోజుల్లో "అద్భుతం" అని ఒప్పేసుకుంటే అనుమానించాల్సిందే.

నమ్మదగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. యానిమల్ బిహేవియర్ సొసైటీ 1964 నుంచి ఉంది, ఏటా సమావేశం పెడుతుంది. బ్రిటన్‌లోని జంతు ప్రవర్తన అధ్యయన సంఘం అసాబ్ ఇంకా పాతది, 1936 నాటిది. 'యానిమల్ బిహేవియర్' పత్రిక ఈ రెండు సంఘాలూ కలిసి నడిపేదే. బిహేవియరల్ ఎకాలజీ అంతర్జాతీయ సంఘం రెండేళ్లకోసారి కలుస్తుంది, 1952లో మొదలైన అంతర్జాతీయ ఎథాలజీ (జంతు ప్రవర్తన శాస్త్రం) సమావేశమూ అంతే. వన్యప్రాణుల వైపు ది వైల్డ్‌లైఫ్ సొసైటీ, సొసైటీ ఫర్ కన్జర్వేషన్ బయాలజీ ఉన్నాయి. విద్యార్థులకి నేను ముందు చెప్పేది మాత్రం స్టూడెంట్ కాన్ఫరెన్స్ ఆన్ కన్జర్వేషన్ సైన్స్. కేంబ్రిడ్జిలో మొదలై బెంగళూరు, న్యూయార్క్, బ్రిస్బేన్‌లకి కూడా పాకింది. మాట్లాడేవాళ్లంతా విద్యార్థులే కాబట్టి గొంతు వణికినా పట్టించుకునేవాళ్లుండరు. ఎక్కడికైనా సారాంశాలు పంపే గడువు నెలల ముందే ముగిసిపోతుందని, ప్రయాణ గ్రాంటుకి గడువు ఒక్కోసారి అంతకన్నా ముందే ఉంటుందని గుర్తుపెట్టుకోండి. నేను రెండుసార్లు గ్రాంటు పోగొట్టుకున్నది పని బాగోలేక కాదు, తేదీ చూసుకోక.

డిగ్రీ వాళ్ల కోసం యానిమల్ బిహేవియర్ సొసైటీ చార్ల్స్ టర్నర్ పేరుతో ఒక కార్యక్రమం నడుపుతుంది, ఎంపికైనవాళ్లని తన ఖర్చుతో సమావేశానికి రప్పిస్తుంది. ఎవరు అర్హులో ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి. ఈ టర్నర్ గురించి తెలిస్తే ఉద్యోగాల మీద మీ దిగులు కొంచెం తగ్గొచ్చు, లేదా పెరగొచ్చు. తేనెటీగలు రంగుల్ని గుర్తుపడతాయని 1910లో ప్రయోగాలతో చూపిన నల్లజాతి శాస్త్రవేత్త ఆయన. డాక్టరేటు ఉన్నా, 70కి పైగా పేపర్లు రాసినా, ఆయన ఎక్కువ కాలం పనిచేసింది సెయింట్ లూయిస్‌లో ఒక హైస్కూలు టీచరుగా.

ఇప్పుడు ఖర్చు దండగా అన్న మాట. నిజమైన కాన్ఫరెన్సులో నేను మొదటిసారి చూపించిన సొంత పని ఆ కోతుల మీద పోస్టరే, అంటే ఫలితాల్ని ఒక పెద్ద కాగితం మీద వేసి గోడకి తగిలించడం. రెండు గంటలు నిలబడితే ఆగినవాళ్లు పదకొండు మంది, అందులో సగం మంది టీ ఎక్కడో అడగడానికే. చివర్లో ఒక పెద్దావిడ వచ్చి కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి, గ్రాఫుకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, ఒక చుక్క మీద వేలు పెట్టారు. "ఈ చుక్కలు ఒక్కోటీ ఒక్కో కోతా, ఒకే కోతి పదేపదేనా?" ఒకే కోతి పదేపదే. పద్నాలుగు కోతుల్ని వందలసార్లు చూసి, వందల కోతుల్ని చూసినట్టు లెక్క కట్టేశాను. దీనికి సూడోరెప్లికేషన్ అని పేరుందని, 1984లో హర్ల్‌బర్ట్ దీని మీదే పెద్ద వ్యాసం రాశారని అప్పుడే తెలిసింది. నా సారాంశం ప్రతి వెనకవైపు పెన్నుతో ఏ కోతి అన్నదాన్ని గణాంక మోడల్‌లో ఎలా చేర్చాలో గీసి ఇచ్చారు. గదికెళ్లి ఆ రాత్రే లెక్క మళ్లీ చేశాను. నేను గొప్పగా రాసుకున్న మూడు ఫలితాల్లో ఒక్కటే మిగిలింది. మర్నాడు ఆవిడని వెతుక్కుని ఆ సంగతి చెప్పాను. ఆరు నెలల తర్వాత ఆవిడ పరిచయస్తుల ప్రాజెక్టులో అసిస్టెంటు కావాల్సి వస్తే నా పేరు చెప్పారట. నా మొదటి జీతం అలా వచ్చింది. పోస్టరు బాగున్నందుకని నేను అనుకోవడం లేదు, మూడులో రెండు పోయాయని వెళ్లి చెప్పినందుకే అనుకుంటాను.

అందుకని వెళ్లే ముందు కార్యక్రమం పుస్తకం తీసి, మీరు పేపరు చదివిన ఇద్దరు ముగ్గురిని గుర్తుపెట్టుకోండి. ఒక్కొక్కరికీ ఆ పేపర్లోని ఒక్క విషయం మీద ఒక్క ప్రశ్న రాసుకోండి. "మీ పనంటే చాలా ఇష్టం, అవకాశాలున్నాయా" అని అడిగితే చిరునవ్వు దొరుకుతుంది. "మీ రెండో ప్రయోగంలో శబ్దం ఎంత దూరం నుంచి వినిపించారు" అని అడిగితే వాళ్లే కుర్చీ లాగి కూర్చోబెడతారు.

మూడో ప్రశ్న, ఉత్త చేతులతో వెళ్లొచ్చా? దూరం పోవాల్సి వస్తే వద్దు. దగ్గర్లో జరుగుతుంటే వెళ్లండి, అయితే నిర్వాహకులకి ముందే రాసి విద్యార్థి వాలంటీరుగా పేరివ్వండి. చాలాచోట్ల వాలంటీర్లకి రుసుము తగ్గిస్తారు, కొన్నిచోట్ల మాఫీ చేస్తారు. పోస్టరు కంటే ఏడాది ముందు నేను వెళ్లింది అలాగే. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర మూడు రోజులు కూర్చోమన్నారు. నేను హాల్లో మైకు మోసే పని అడిగి తీసుకున్నాను. మైకు మోసేవాడు సెషన్ అయ్యేదాకా బయటికి పోలేడు, చెయ్యెత్తిన ప్రతివాళ్ల దగ్గరికీ పరిగెత్తాలి. ఎవరు ఏం అడిగారో అప్పటికప్పుడు అరచేతి మీద రాసుకుని, విరామంలో నోట్‌బుక్‌లోకి ఎక్కించేవాణ్ని. ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో రెండు పదాలే ఉన్నాయి, మొదటి రోజు నాలుగైదుసార్లు వినబడ్డ ప్రశ్న: "ఎన్ని జంతువులు?"