పైపు మీద డిటెక్టర్ బిగించబోయే మేనల్లుడికి

గాజువాక

చిరంజీవి రవికి మామయ్య ఆశీస్సులు.

రేడియోగ్రఫీలో, అంటే గామా కిరణాలతో పైపుల లోపలి బొమ్మ తీసే పనిలో, ఫిల్మ్ వదిలి, ఇన్సులేషన్ ఉన్న పైపులను డిజిటల్ ప్యానెల్‌తో (ఫిల్మ్ బదులు కిరణాలను పట్టి బొమ్మను కంప్యూటర్‌కు పంపే డిటెక్టర్ పలకతో) తనిఖీ చేసే బృందంలోకి మారుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సాఫ్ట్‌వేర్ మీద శిక్షణ ఇస్తారట గానీ, ప్యానెల్‌ను పైపుకు బిగించే సంగతి సైటుకు వెళ్లాక చూసుకోవచ్చన్నారట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. పైపు గోడ మందం కొలతలో వచ్చే పెద్ద తప్పులన్నీ దాదాపుగా ఆ బిగింపులోనే పుడతాయి. కంప్యూటర్ తెర మీద బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా అవి బయటపడవు.

ఫిల్మ్ గానీ ఫాస్ఫర్ ప్లేటు (ఫిల్మ్‌లా బొమ్మను పట్టే, మళ్లీ మళ్లీ వాడే పలచటి పలక) గానీ వంగుతుంది కనుక, పైపు చుట్టూ చుట్టి రబ్బరు బెల్టు వేస్తే ఒంటికి అతుక్కునేది. ప్యానెల్ బల్లపరుపుగా ఉంటుంది. గుండ్రటి పైపుకు అది ఒక్క గీత వెంటే తగులుతుంది, అంచులకు పోయేకొద్దీ పైపుకూ దానికీ మధ్య ఖాళీ పెరుగుతుంది. వంగే ప్యానెళ్లు కూడా ఇప్పుడు మార్కెట్లో ఉన్నాయి గానీ, నీ చేతికి వచ్చేది బల్లపరుపుదే అనుకుని సిద్ధపడు. వెల్డు తనిఖీలో ఫిల్మ్‌తో 120 డిగ్రీలకొకటి చొప్పున మూడు షాట్లతో ముగిసే పనికి, ఈ ఖాళీ వల్ల ఎక్కువ షాట్లు పడతాయని గుర్తుంచుకుంటే చాలు. వెల్డుల సంగతి నీకు కొత్త కాదు. నీకు కొత్తగా ఎదురయ్యేది, ఇన్సులేషన్ విప్పకుండా పైపు గోడను అంచు నుంచి చూసి మందం కొలిచే టాంజెన్షియల్ షాట్.

ఒక లెక్క చెబుతాను, కాగితం మీద నువ్వూ వేసి చూడు. ఆరు అంగుళాల షెడ్యూల్ 40 (గోడ మందాన్ని చెప్పే ప్రామాణిక వరస) పైపు బయటి వ్యాసం 168.3 మి.మీ., గోడ మందం 7.1 మి.మీ. దాని మీద 50 మి.మీ. ఇన్సులేషన్ ఉంది. ఇన్సులేషన్ మీది రేకు తొడుగైన క్లాడింగ్‌కు ఆనించి ప్యానెల్ కట్టావు. పైపు అక్షం నుంచి ప్యానెల్ లోపలి పొర వరకు సుమారు 144 మి.మీ. దూరం వస్తుంది. కిరణాలు వచ్చే సోర్స్ నుంచి ప్యానెల్‌కు 1000 మి.మీ. పెడితే, బొమ్మ 1000ని 856తో భాగించినంత, అంటే 1.17 రెట్లు పెద్దదిగా పడుతుంది. ఇప్పుడు తుప్పు తిని నిజంగా 6 మి.మీ. మాత్రమే మిగిలిన గోడ, తెర మీద 7 మి.మీ. చూపిస్తుంది. డ్రాయింగ్‌లో 7.1 అని ఉంది కనుక, ఆ పైపు కొత్తదానిలా ఉందని రిపోర్టు వెళ్లిపోతుంది. ఈ పొరపాటు ఎప్పుడూ ప్రమాదకరమైన వైపుకే మొగ్గుతుంది కనుకనే ఇంతగా చెబుతున్నాను.

దీనికి విరుగుడుగా కొలత తెలిసిన ఒక ఉక్కు గుండును బొమ్మలో కనిపించేలా పెట్టాలి. ఆ గుండును ప్యానెల్ మీద అంటిస్తే ఉపయోగం లేదు, అది పైపు అక్షం ఉన్న లోతులోనే ఉండాలి. కిరణం అడ్డంగా వెళ్లేలా, ప్యానెల్ పైపు పక్కన నిలువుగా ఉండేలా అమర్చినప్పుడు, క్లాడింగ్ నడినెత్తిన గుండును కూర్చోబెడితే అది అక్షానికి నిట్టనిలువుగా పైన ఉంటుంది, లోతు తనంతట తానే సరిపోతుంది. బొమ్మలో దాని వ్యాసాన్ని పైపు పొడవు దిశలోనే కొలువు. నిలువుగా కొలిస్తే, కిరణం ఏటవాలుగా తాకడం వల్ల అది కొద్దిగా సాగినట్టు కనిపించి నీ స్కేలును చెడగొడుతుంది.

గుండుతో స్కేలు కట్టాక అంతటితో వదిలేయకుండా, అదే స్కేలుతో పైపు బయటి వ్యాసాన్ని కొలిచి చూడు. కిరణాలు విచ్చుకుని వెళ్లడం వల్ల 168.3 ఉన్నది 169 దాకా రావడం సహజమే. 171 వచ్చిందంటే పైపు క్లాడింగ్ మధ్యలో లేదని, సోర్స్ వైపు పది మి.మీ. దాకా జరిగి ఉందని అర్థం. పాత లైన్లలో ఇన్సులేషన్ జారి, సపోర్టుల దగ్గర నలిగి, పైపు ఒక పక్కకు ఒరిగి ఉండటం చాలా మామూలు సంగతి. క్లాడింగ్ గుండ్రంగా ఉంది కదా అని లోపలి పైపు మధ్యలోనే ఉందని నమ్మవద్దు.

ఇక ఏ దిశ నుంచి చూడాలనేది. ఒక్క టాంజెన్షియల్ షాట్‌లో పైపు చుట్టుకొలతలో రెండే చోట్లు తెలుస్తాయి. కిరణం అడ్డంగా పోతే గడియారంలో 12, 6 ఉండే చోట్లు, పైనుంచి కిందికి పోతే 3, 9 ఉండే చోట్లు. విశాఖ లాంటి తీరంలో ఉప్పు గాలి, వానాకాలపు తడి క్లాడింగ్ అతుకుల్లోంచి దిగి, ఇన్సులేషన్ అడుగున, అంటే 6 గంటల చోట నిలుస్తాయి. తడి గ్యాసు వెళ్లే లైనైతే లోపలి నీరు కూడా అక్కడే పారుతుంది. కనుక అడ్డంగా ఉన్న పైపుకు మొదటి షాట్ అడ్డంగానే తీయి. ప్యానెల్‌ను కింద పడుకోబెట్టి పైనుంచి కొట్టడం చేతికి సులువుగా ఉంటుంది గానీ, ఆ షాట్‌లో అడుగు గోడ మందం అంచు మీద కనిపించదు. ఎల్బో దగ్గర వంపు ఏ తలంలో ఉందో ప్యానెల్‌ను ఆ తలానికి సమాంతరంగా పెడితే, ప్రవాహం ఒరుసుకుపోయే వెలుపలి వంపు గోడ బొమ్మ అంచున చక్కగా వస్తుంది.

సోర్స్‌ను ప్యానెల్‌కు దగ్గరగా జరపమని నిన్ను అందరూ తొందరపెడతారు. పై లెక్కలో 1000 మి.మీ. దూరాన్ని 700 చేస్తే ఎక్స్‌పోజర్ సమయం సగానికి పడిపోతుంది. అయితే 3 మి.మీ. సోర్స్‌తో అంచు మసక అర మిల్లీమీటరు నుంచి ముప్పాతిక మిల్లీమీటరు పైకి పెరుగుతుంది. మందం కొలిచే చోట ఆ పావు మిల్లీమీటరును వదులుకోవడానికి నేను ఒప్పుకోను. మన సోర్స్‌లోని ఇరిడియం-192 బలం 74 రోజులకు సగమవుతుంది కాబట్టి, పాతబడిన సోర్స్‌తో పని చేసే వారంలో ఈ ఒత్తిడి మరీ ఎక్కువగా ఉంటుంది. అప్పుడు ఫ్రేముల (ప్యానెల్ వరుసగా తీసే విడి బొమ్మల) సంఖ్య పెంచు, దూరం తగ్గించకు. నాలుగింతల ఫ్రేములు సగటు చేస్తే బొమ్మలో గింజతనం సగమవుతుంది.

గోడ అంచు గుండా కిరణం దాటే ఉక్కు, గోడ మందం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మనం చెప్పుకున్న ఆరు అంగుళాల పైపుకే అది దాదాపు 68 మి.మీ., ఎనిమిది అంగుళాల షెడ్యూల్ 40కి 83. ఇరిడియం-192కు ఇది అందుతుంది. దానికంటే తక్కువ శక్తి గల సెలీనియం-75 సోర్స్‌తో గానీ చిన్న ఎక్స్-రే ట్యూబుతో గానీ ప్రయత్నించి సమయం పాడుచేసుకోవద్దు. అయితే అంత ఉక్కును దాటించేటప్పుడు పైపు బయటి ఖాళీ గాలిలో ప్యానెల్ మితిమీరి తడిసిపోతుంది. అక్కడ విలువలు పైకప్పును తాకితే బయటి అంచు కరిగిపోయి, గోడ ఉన్నదానికంటే పలచగా కనిపిస్తుంది. అందుకే ఒక్క ఫ్రేము కాలాన్ని ఖాళీ భాగం నిండిపోనంత తక్కువగా పెట్టి ఫ్రేములు కూడబెట్టు. కిరణాన్ని కాలిమేటర్‌తో (పక్కలకు పోకుండా ఆపే కవచంతో) ప్యానెల్ పనిచేసే భాగానికే పరిమితం చెయ్యి. పక్కన ఉన్న ఎలక్ట్రానిక్స్ మీద సూటిగా పడే కిరణం దాని ఆయుష్షును తినేస్తుంది.

బిగింపు సామగ్రి విషయానికి వస్తే, రెండు రాట్చెట్ బెల్టులు, వెనుక నురుగు దిండ్లు, ఒక స్పిరిట్ లెవెల్, టేపు, ఇవి లేకుండా స్కాఫోల్డింగ్ ఎక్కవద్దు. అల్యూమినియం క్లాడింగ్ పలచటి రేకు. బెల్టు గట్టిగా లాగితే సొట్టపడి అతుకు విచ్చుకుంటుంది. తుప్పు వెతకడానికి వెళ్లి నీరు దిగే దారి మనమే తెరిచి రాకూడదు. అయస్కాంతపు బిగింపులు అల్యూమినియం మీద, మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు మీద పట్టవు, ఆ సంగతి పైకి ఎక్కాక తెలుసుకుంటే పర్మిట్ సమయం వృథా. బెల్టులతో సంబంధం లేకుండా ఒక భద్రతా తాడును విడిగా స్కాఫోల్డింగ్‌కు కట్టు. కేబుల్‌ను కనెక్టర్‌కు కొంచెం ఇవతల ఒక చుట్టు తిప్పి పైపుకు కట్టు, ఎవరి కాలికైనా తగిలితే లాగుడు ఆ ముడి మీదే ఆగాలి.

నడుస్తున్న లైను వణుకుతుంది. ప్యానెల్ పైపు మీద, సోర్స్ నేల మీది స్టాండు మీద ఉంటే ఫ్రేములు ఒకదాని మీద ఒకటి కుదరక అంచు చెదురుతుంది. వీలైనంతవరకు సోర్స్ నిలిపే చెయ్యిని కూడా అదే పైపుకు బిగించు, అప్పుడు రెండూ కలిసి ఊగుతాయి. పెద్ద పైపు నుంచి కొమ్మలా బయటికి వచ్చే రెండంగుళాల చిన్న లైన్లకు మాత్రం ఈ బరువు తగిలించకు. అవి కంపనంతో ముందే అలసి ఉంటాయి. అక్కడ ప్యానెల్‌ను స్కాఫోల్డింగ్ నుంచే వేలాడదీయాలి.

వేడి గురించి తయారీదారు పత్రం చదువు. 35, 40 డిగ్రీల దగ్గర ఆగిపోయే ప్యానెళ్లు చాలా ఉన్నాయి, మన మే నెల ఎండలో పైపు వేడి కలవకుండానే ఆ హద్దు దాటుతుంది. నీడ కట్టు, వేడి లైనైతే మధ్యలో వేడిని ఆపే దుప్పటి వేసి ఆ మందాన్ని కూడా దూరపు లెక్కలో చేర్చు. ఏసీ గదిలో తీసిన డార్క్ ఇమేజ్‌ను (కిరణం లేకుండా, సవరణ కోసం తీసే బొమ్మను) పైపు మీద వాడవద్దు. ప్యానెల్ అక్కడి ఉష్ణోగ్రతకు అలవాటు పడ్డాక కొత్తది తీసుకో.

రేడియేషన్ జాగ్రత్తలు నీకు నేర్పిన పాఠాలే, ఒక్కటి మాత్రం అదనం. డిజిటల్ పనిలో షాట్లు చిన్నవి, సర్దుబాట్లు ఎక్కువ. బొమ్మ వంకరగా వచ్చిందని, బెల్టు జారిందని రోజంతా లోపలికీ బయటికీ తిరుగుతూ ఉంటావు. ఆ తిరుగుడులో సోర్స్ కెమెరాలోకి (దాన్ని భద్రంగా దాచే కవచపు పెట్టెలోకి) వెనక్కి వచ్చిందో లేదో రేడియేషన్ కొలిచే సర్వే మీటరుతో చూడటం ఒక్కసారి తప్పినా చాలు. ప్రతిసారీ మీటరు చేతిలో పట్టుకునే వెళ్లు, మీటరు పని చేస్తోందో లేదో ఉదయమే చూసుకో. అణుశక్తి నియంత్రణ మండలి మన పనివారికి పెట్టిన రేడియేషన్ మోతాదు పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు. ఆ మోతాదును నమోదు చేసే బాడ్జీ లేకుండా ఎవరినీ హద్దుగా కట్టిన తాడు దాటనివ్వకు, ఇంజనీరైనా సరే.

ప్రతి షాట్‌కు సోర్స్ నుంచి ప్యానెల్ దూరం, క్లాడింగ్ నుంచి ప్యానెల్ దూరం, గడియారపు స్థానం, ప్రవాహ దిశ రాసి, బిగింపు ఫొటో ఒకటి తీసి, ఐసోమెట్రిక్ డ్రాయింగ్ (పైపు లైను మలుపులన్నీ చూపే నక్షా) మీద చోటు గుర్తించు. రెండేళ్ల తర్వాత ఇంకొకరు అదే చోట కొలిచి ఏడాదికి ఎంత తగ్గుతోందో లెక్కగడతారు. బిగింపు మారితే ఆ తేడా తుప్పు ఖాతాలో పడి, బాగున్న పైపును మార్పిస్తుంది, లేదా చెడిన పైపును వదిలేయిస్తుంది.

మొదటి వారం తీసిన వాటిలో నీకు అనుమానం వచ్చినవి రెండు మూడు పంపించు. తెర ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకు, వాటి మీద నేనేమీ కొలవలేను. కంపెనీ అనుమతిస్తేనే, అసలు ఫైలు, దూరాల కాగితం కలిపి పంపు.

ఇట్లు,
మీ మామయ్య