తల ఊపి వచ్చేయకు తమ్ముడూ

డాలస్ నుంచి ఒక తమ్ముడు రాశాడు. డిసెంబర్‌లో ఎంఎస్ పూర్తయింది, ఫిబ్రవరిలో ఓపీటీ (చదువయ్యాక అమెరికాలో పనిచేసుకోవడానికి విద్యార్థులకిచ్చే అనుమతి) మొదలైంది, వచ్చే సోమవారం మొదటి ఉద్యోగంలో చేరుతున్నాడు. "అక్కా, ఇన్నాళ్లూ ఉద్యోగం రాలేదని టెన్షన్. వచ్చాక అది ఇంకా ఎక్కువైంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోంది. ఇంటర్వ్యూ ఎలాగో గట్టెక్కాను గానీ నిజంగా నాకు పని వచ్చా అని అనుమానం. ఇంట్లో చెబితే, ఉద్యోగం వచ్చింది కదరా ఇంకేంటి అంటున్నారు. ఓపీటీలో ఖాళీగా ఉండనిచ్చే 90 రోజుల్లో 71 అయిపోయాయి. వీళ్లు తీసేస్తే నా గతేంటి?" అని. చివర్లో ఇంకో చిన్న సందేహం: మేనేజర్‌ని సర్ అనాలా, పేరు పెట్టి పిలవాలా?

తమ్ముడూ, నీకు పట్టుకున్నది ఒక భయం కాదు, రెండు. ఒకటి వీసా భయం, రెండోది పని భయం. రెండూ కలిసిపోయి రాత్రి రెండింటికి నీ గుండెల మీద కూర్చుంటున్నాయి. మొదటిది కాగితాల వ్యవహారం. తేదీలు ఉంటాయి, ఫారాలు ఉంటాయి, కూర్చుని పూర్తి చేస్తే దాని బరువు సగం తగ్గుతుంది. రెండోది కాగితంతో పోయేది కాదు. అందుకే ముందు దాని గురించి చెప్తాను.

నేను చేరింది 2011లో, టెక్సస్‌లోనే ఒక మధ్యరకం కంపెనీలో. రెండోరోజు మేనేజర్ పిలిచి, రాత్రిపూట తయారవ్వాల్సిన ఒక రిపోర్టు మధ్యలో ఆగిపోతోంది, ఎందుకో చూడమన్నాడు. పది నిమిషాలు వివరించాడు. ఆ పది నిమిషాలూ నేను తల ఊపుతూనే ఉన్నాను. సీటుకొచ్చి చూసుకుంటే సగం కూడా బుర్రకెక్కలేదు. మళ్లీ వెళ్లి అడగొచ్చుగా? అడగలేదు. మన కాలేజీల్లో రెండోసారి అడిగితే "ఇందాకట్నుంచీ ఏం వింటున్నావమ్మా" అనేవాళ్లు, క్లాసంతా వెనక్కి తిరిగి చూసేది. పదహారేళ్ల చదువులో నేను బాగా నేర్చుకున్న పాఠం అదే, అర్థం కాకపోయినా అర్థమైనట్టు ముఖం పెట్టడం.

మూడు రోజులు కోడ్ అంతా తవ్విపోశాను. పొద్దున్నే స్టాండప్‌లో, అంటే టీమ్ అంతా కలిసే చిన్న మీటింగ్‌లో, "చూస్తున్నాను, అయిపోతుంది" అని చెప్పేదాన్ని. శుక్రవారం సాయంత్రం పక్క సీటు పెద్దాయన జాలిపడ్డాడో ఏమో, ఏంటి సంగతని తనే వచ్చి అడిగాడు. చూస్తే నా లాగిన్‌కి ఆ డేటాబేస్‌లో ఒక టేబుల్ చూసే అనుమతే లేదు. నాకు కనిపించని టేబుల్ కోసం నేను మూడు రోజులు వెతికాను! అనుమతి కావాలని టికెట్ పెట్టాడు, పావుగంటలో అనుమతి వచ్చింది. తర్వాత మేనేజర్ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "నువ్వు తల ఊపుతుంటే అర్థమైందేమో అనుకున్నాను." పైగా మన ఊపుడు అడ్డంగానూ ఉండదు, నిలువుగానూ ఉండదు. అది అవునో కాదో వాళ్లకి అంతుపట్టదు.

అందుకని తలతో కాదు, నోటితో జవాబు చెప్పు. ఎవరైనా పని అప్పగించగానే, నాకు అర్థమైంది ఇదీ అని రెండు వాక్యాల్లో వాళ్లకే తిరిగి చెప్పు. తప్పుంటే అక్కడే దిద్దుతారు. పని మొదలుపెట్టాక ఎక్కడైనా ఇరుక్కుంటే ఓ గంట నువ్వే కుస్తీ పట్టు. ఆ తర్వాత అడిగెయ్. ఊరికే "పని చేయట్లేదు" అనకుండా ఇదీ చేశాను, ఇక్కడ ఆగింది, ఫలానా కారణం అయ్యుండొచ్చు అనుకుంటున్నాను అని అడిగితే, నువ్వు కష్టపడ్డావని అడిగిన తీరే చెబుతుంది. కొత్తగా చేరినవాడు అడిగితే ఇక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు. ఆర్నెల్ల తర్వాత అదే ప్రశ్న అడిగితే మాత్రం చూస్తారు. కాబట్టి సిగ్గుపడాల్సిన ప్రశ్నలన్నీ మొదటి రెండు నెలల్లోనే అడిగేసుకో.

"ఐ హ్యావ్ ఎ డౌట్" అనకు. మనకి డౌట్ అంటే సందేహం. వాళ్ల చెవికి అది "మీరు చెప్పింది నేను నమ్మట్లేదు" అన్నట్టుంటుంది. క్వశ్చన్ అను చాలు. డిజైన్ మీటింగ్‌లో నేను మూడుసార్లు డౌట్ అంటే, పాపం ఒకావిడ తన డిజైన్ మొత్తం మళ్లీ మొదటినుంచి సమర్థించుకుంది.

ఇంకోటి, కోడ్ రివ్యూ, అంటే నువ్వు రాసిన కోడ్‌ని తోటివాళ్లు చూసి కామెంట్లు పెట్టడం. నా మొదటి కోడ్‌కి ఇరవై మూడు కామెంట్లు వచ్చాయి. బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను, దాచుకునేదేముంది. తర్వాత టీమ్‌లో పదేళ్ల అనుభవం ఉన్నాయన కోడ్ తెరిచి చూస్తే దానికీ పదిహేను ఉన్నాయి. కామెంట్లు మార్కులు కావు. అయితే ఇక్కడివాళ్ల మెత్తదనాన్ని తప్పుగా అర్థం చేసుకోకు. మేనేజర్ "ఇలా కూడా ఆలోచించొచ్చేమో" అన్నాడంటే చాలాసార్లు దానర్థం అలా చెయ్ అని. మనవాళ్లలా గట్టిగా అరిచి చెప్పరు కాబట్టి మనం దాన్ని సలహా అనుకుని వదిలేస్తాం.

ఇక కాగితాలు. మొదటిరోజు ఐ-9 ఫారంలో (నీకు పనిచేసే అనుమతి ఉందని చూపేది) నీ భాగం నింపాలి, చేరిన మూడు పనిదినాల్లోపు ఒరిజినల్ పత్రాలు చూపించాలి. నీ ఈఏడీ కార్డు (పని అనుమతి కార్డు) ఒక్కటే దానికి సరిపోతుంది, జేబులో పెట్టుకుని వెళ్లు. పది రోజుల్లోపు సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల మీద ప్రభుత్వం ఉంచే రికార్డులో, కంపెనీ వివరాలు చేరాలి, పోర్టల్‌లో చేరినరోజు సాయంత్రమే నింపెయ్. రోజుల లెక్క ఆగేది ఉద్యోగంలో ఉన్నన్నాళ్లే, 71 మళ్లీ సున్నా అవదు. ఇప్పుడు పోతే నీకు మిగిలేది మహా అయితే 19 రోజులే, అందుకే నీ భయం ఉత్తిది అని నేను అనను. కానీ నీది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ అయితే 24 నెలల పొడిగింపు వచ్చాక మొత్తం 150 అవుతుంది. దానికి కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, మేనేజర్ ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక ఫారం మీద సంతకం పెట్టాలి. ఈ రెండూ మొదటి నెలలోనే హెచ్ఆర్‌ని మర్యాదగా కనుక్కో. ఆ పొడిగింపుకి ఓపీటీ ముగియడానికి 90 రోజుల ముందునుంచే అప్లై చేయొచ్చు. హెచ్-1బి వీసా సంగతి కంపెనీ లాయర్ చెప్పేదాకా వాట్సాప్ గ్రూపుల్లో వెతక్కు. అక్కడ సమాచారం కంటే గుండెదడ ఎక్కువ.

మొదటి పే స్టబ్ (జీతం చీటీ) వచ్చాక సోషల్ సెక్యూరిటీ పన్ను 6.2 శాతం, మెడికేర్ పన్ను 1.45 శాతం కోశారేమో చూడు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లకి మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలూ అవి ఉండవు. పేరోల్ వాళ్లకి తెలియక కోసేస్తుంటారు, అడిగితే వెనక్కిస్తారు. హెల్త్ ఇన్సూరెన్స్ ఎంచుకోవడానికి చాలా కంపెనీల్లో నెలరోజులే గడువు. ఆ గడువు మాత్రం క్యాలెండర్‌లో రాసి పెట్టుకో.

ఒకమాట అడక్కుండానే చెప్తున్నాను. ఇంటర్వ్యూలో నీ సొంత చదువు, సొంత ప్రాజెక్టులే చెప్పి గట్టెక్కి ఉంటే పైన చెప్పినదంతా నీకే. అలాకాక కన్సల్టెన్సీ వాడు ఏడేళ్ల దొంగ అనుభవం అతికించి పంపి ఉంటే నీకు నిద్ర పట్టకపోవడానికి కారణం వేరు, దానికి నా దగ్గర చిట్కా లేదు. రాత్రికి అమీర్‌పేటలో ఎవరికో స్క్రీన్ షేర్ చేసి జాబ్ సపోర్ట్ పేరుతో నీ పని వాళ్లచేత చేయించుకుంటే సరిపోతుందని స్నేహితులు చెప్తారు. కంపెనీ డేటా బయటివాడికి చూపించడం అది. దొరికితే ఉద్యోగం పోయేది ఆ పూటే.

మొదటి నెల ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయాలో కూడా చూసుకో. వేసవిలో డాలస్‌లో రాత్రి తొమ్మిదైతే మనకి మర్నాడు పొద్దున ఏడున్నర. అమ్మ కాఫీ తాగుతూ తీరిగ్గా ఉంటుంది. ఉద్యోగం గురించి కాదు, ఇంట్లో కూరేంటో అడుగు. నిద్ర లేమి రెండు మూడు వారాలు దాటినా, తిండి సయించకపోయినా కంపెనీలో ఈఏపీ (ఉద్యోగుల సహాయ కార్యక్రమం) ఉందేమో చూడు. ఉంటే కొన్నిసార్లు ఉచితంగా కౌన్సెలర్‌తో మాట్లాడొచ్చు, మేనేజర్‌కి చెప్పరు. మరీ చేయిదాటిపోతోంది అనిపిస్తే 988 సహాయ నంబర్‌కి ఫోన్ చెయ్, ఏ వేళైనా పలుకుతారు.

ఇక నీ చివరి సందేహం. పేరు పెట్టే పిలవాలి. సర్ అంటే వాళ్లకే ఇబ్బంది. నాకు మాత్రం నోరు రావడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ మా మేనేజర్‌తో పనిపడితే ఆయన కళ్లెత్తి చూసేదాకా వెళ్లి టేబుల్ ఎదురుగా నిలబడేదాన్ని.